నహ్లా పెళ్ళి, నా నవలల ఉపవాసం

సెప్టెంబర్ 5, శుక్రవారం. ఉదయం.

ఒట్టు! ఇవాళ్టి నుంచి మా అమ్మాయి నహ్లా పెళ్ళయ్యేదాకా నవల ముట్టను. రాజుల నవల వద్దు, అత్తాకోడళ్ళ నవల వద్దు. దిండంత లావుదీ వద్దు, చిటికెన వేలంత సన్నదీ వద్దు.

కారణం: నిన్న కర్టెన్ల కొట్లో నేను సంచీ చాటున నవల తెరిచి, కొట్టతను ఏ గుడ్డ చూపించినా "బాగుంది, బాగుంది" అన్నాను. ఆవపిండి రంగు గుడ్డ కొలిచి కత్తిరించేశాడు. నహ్లా బజారు మధ్యలో నిలబడి కడిగేసింది.

"నవలల్లో ప్రతి పెళ్ళికూతురూ ఏ రంగు కట్టుకుందో నీకు కంఠతా వచ్చు. నేను ఏ రంగు కర్టెన్లు అడిగానో చెప్పు చూద్దాం!"

చేతిలో ఉన్న ఆవపిండి గుడ్డ వంక చూశాను.

"ఇంకెన్నాళ్ళుంటానమ్మా మీ ఇంట్లో? ఈ కాస్త రోజులైనా నా వంక చూడవే."



అందుకే ఇంట్లో ఉన్న నవలలన్నీ పోగేశాను. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, తువ్వాళ్ళ మధ్య... నాకే సిగ్గేసింది. పెళ్ళికూతురి అద్దాల బీరువాలో పెట్టాల్సిన పింగాణీ సెట్టు దుమ్ము కడిగి బుట్టలో సర్దాను కదా, దాని అట్టపెట్టె ఖాళీగా ఉంది. నవలలన్నీ అందులో కుక్కి, టేపు చుట్టి, స్టోరు గదిలోకి నెట్టాను.

మా ఆయన లుత్ఫీ నవ్వాడు. "మూడ్రోజుల ముచ్చటేలే ఇజ్లాల్."

చూస్తూ ఉండండి సార్!

సెప్టెంబర్ 7, ఆదివారం

అబ్బ! నవల లేకపోతే రోజు ఇంత పొడుగా?

ఇవాళ చేసినవి: నీలం కర్టెన్లు తెచ్చాను (నీలం! నీలం! నీలం!). రెండు బొంతలు ఎండలో వేశాను. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి పెద్ద గిన్నెడు వండాను. రాగి గిన్నెలు తోమితే అందులో నా మొహం నాకే ముద్దొచ్చింది.

నహ్లా దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే పక్కన కూర్చున్నాను. ఈ పిల్ల ఇస్త్రీ చేసేటప్పుడు నాలిక కొస బయటపెడుతుంది! ఇరవై ఆరేళ్ళు పెంచి ఇవాళ చూశాను.

"ఏంటమ్మా అలా చూస్తున్నావ్?"

"ఏం లేదే, ఊరికే."

ఎంత మురిసిపోయిందో.

సెప్టెంబర్ 9, మంగళవారం

గిన్నెల కోసం అతబా బజారుకి వెళ్ళాను. నేను గిన్నెల కోసమే వెళ్ళానని ఇక్కడ రాసి పెడుతున్నాను. పాత పుస్తకాల దుకాణాలు ఆ పక్కనే ఉండటం ప్రభుత్వం తప్పు, నాది కాదు.

పుస్తకాల బయూమీ దూరం నుంచే కేకేశాడు. "అమ్మగారూ! మీ కోసం దాచి ఉంచాను. మమ్లూకు సుల్తాన్ల కథ. మూడు భాగాలూ ఉన్నాయి!"

"నేను ఉపవాసం బయూమీ. పెళ్ళయ్యేదాకా నవలలు ముట్టను."

"ఇది నవలేంటమ్మా, చరిత్ర! చరిత్ర చదివితే ఉపవాసం పోతుందా?"

ఎంత నిజం! చరిత్ర అంటే జ్ఞానం. మొదటి పేజీలోనే కోట గుమ్మం దగ్గర ఒక తల తెగిపడింది. బస్సులో మా స్టాపు దాటి నాలుగు స్టాపులు వెళ్ళిపోయాను.

గిన్నెలు మర్చిపోయాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

కాబోయే వియ్యపురాలు ఇఖ్బాల్ గారు వచ్చి వెళ్ళారు. నిటారు మనిషి. కూర్చునే ముందు కుర్చీ చెయ్యి మీద వేలితో గీసి దుమ్ము చూసుకున్నారు. మాట తక్కువ. నహ్లా కాపురం ఉండేది ఆవిడ ఇంటి పై అంతస్తులోనే.

ఆ అత్తగారి తత్వం ముందే తెలుసుకోవద్దూ? పెట్టె టేపు విప్పి, దమియెత్తా ఊళ్ళో కుర్చీలూ బల్లలూ చేసే ఇంట్లో ముగ్గురు కోడళ్ళ కథ బయటికి తీశాను. ఇది చదవడం కాదు, పెళ్ళి పని. తల్లి బాధ్యత!

రెండో కోడలు ఎంత గడుసుదో! అత్తగారి తాళాలన్నీ రంజాన్ నెల తిరక్కుండానే తన కొంగుకి!

అయిపోయింది అనుకునేలోగా మామగారికి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం ఉందని తేలింది. ఇప్పుడెలా ఆపుతారండీ ఎవరైనా?

సెప్టెంబర్ 14, ఆదివారం

కొత్త ఉపాయం. నేను చదవను. లుత్ఫీ గట్టిగా చదువుతాడు. నేను బెండకాయలు తరుగుతూ వింటాను. విన్నది చదివినట్టు కాదని ఏ పెద్దమనిషినైనా అడగండి.

సుల్తానుకి విషం పెట్టింది పెంపుడు తల్లే!

"ఇక చాల్లే" అన్నాను.

"నువ్వూరుకో. ఈ మంత్రి సంగతి తేలనీ" అన్నాడు మా ఆయన.

బెండకాయ కూర అడుగంటింది. నహ్లా వచ్చి మూకుడు చూసింది, మా ఇద్దర్నీ చూసింది, దాన్ని నీళ్ళలో నానేసి వెళ్ళిపోయింది. తిట్టినా బావుండేది.

రేపట్నుంచి గట్టిగా ఉండాలి. చదివినవన్నీ మళ్ళీ పెట్టెలో పెట్టి టేపు చుట్టేశాను. మూడో భాగం ఒక్కటే బయట ఉంది, దాని అట్ట ఊడింది కాబట్టి అతికించాలి. అందుకని.

సెప్టెంబర్ 19, శుక్రవారం

నేల చీలి, నేను పాతాళంలోకి దూరిపోతే బావుండు.

ఇవాళ పెళ్ళి సామాను పెళ్ళికొడుకు ఇంటికి తరలించే రోజు. వీధి నిండా లారీలు, డప్పులు, ఆడవాళ్ళ ఉలూలూ కేకలు. పరుపులూ ఫ్రిజ్జూ ఊరంతా చూసేలా పైకెక్కించారు. కూలీలు స్టోరు గదికి వచ్చేసరికి నేను వంటింట్లో మూడో భాగంలో ఉన్నాను. సుల్తాను కొడుకు నైలు దాటి పారిపోతున్నాడు. నహ్లా గుమ్మంలోంచి అడిగింది, "అమ్మా, పెట్టెల్లో ఏవేవి తీసుకెళ్ళాలి?"

"అన్నీ, అన్నీ" అన్నాను. తలెత్తలేదు.

అక్కడ, పెళ్ళికొడుకు ఇంట్లో, ఇరవై మంది చుట్టాల ఆడవాళ్ళు అద్దాల బీరువా చుట్టూ చేరారు. పెట్టె మీద బంగారు అంచు పళ్ళాల బొమ్మ. ఇఖ్బాల్ గారే స్వయంగా టేపు కోశారు.

ముందు సుల్తాన్లు బయటపడ్డారు. తర్వాత దమియెత్తా కోడళ్ళు. ఆ వెనక అండలూసియా యువరాణులు, అలెగ్జాండ్రియా అక్కచెల్లెళ్ళు, పత్తి వ్యాపారి ఇద్దరు భార్యలూ...

డప్పు ఆగిపోయింది.

"ఇదేం చోద్యమమ్మా! వీళ్ళింట్లో అన్నం పుస్తకాల మీద పెట్టుకు తింటారా?" అంది పెళ్ళికొడుకు మేనత్త.

నహ్లా మొహం పాలిపోయింది. ఇఖ్బాల్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒక్కో అట్టా తిప్పి తిప్పి చూశారు.

"వదినగారూ! మమ్లూకులవి రెండు భాగాలే ఉన్నాయేం? మూడోది ఏదీ?"

"అది... వంటింట్లో ఉందండి. ఇంకా అవలేదు."

"ఆ పిల్లాడు బతుకుతాడా?"

"నైలు దాటుతున్నాడు!"

"హమ్మయ్య!" అని ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని, మేనత్త వైపు తిరిగారు. "నువ్వు నోరు మూసుకో హిక్మత్. మీ అమ్మ తెచ్చిన పళ్ళాల్లో ఇప్పటిదాకా ఎవరైనా తిన్నారా?"

ఒక్కసారిగా నవ్వులు! డప్పు మళ్ళీ మోగింది! లుత్ఫీ టాక్సీలో ఇంటికెళ్ళి పింగాణీ బుట్ట తెచ్చాడు. పరువు దక్కింది. నేను మాత్రం గాల్లో తేలుతున్నాను. వియ్యపురాలు నా జాతి మనిషి!

నహ్లాని వెతికితే బాల్కనీలో ఉంది.

"చూశావుటే? మీ అత్తగారు..."

"నేను గుమ్మంలో నిలబడి అడిగానమ్మా. నువ్వు తలెత్తలేదు."

అంతే అంది. అత్తగారు నవ్వడం నా తప్పుకి మందు కాదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

నిన్న పెళ్ళయింది. రాత్రంతా ఏడ్చాను, డాన్సు కూడా చేశాను.

ఇవాళ ఆచారం ప్రకారం బాతుల వేపుడూ వెన్న రొట్టెలూ మోసుకుని కొత్త కాపురం చూడ్డానికి వెళ్ళాం. ఇఖ్బాల్ గారు మెట్ల మీదే దొరకబుచ్చుకున్నారు. చరిత్రే నవలట, కుటుంబ కథలు దండగట. "ఇంట్లో గొడవలు చాలవా వదినా, పుస్తకాల్లో కూడానా?" నేనొప్పుకుంటానా! రాజుల గొడవలు మాత్రం ఏంటండీ, సింహాసనం ఎక్కిన కుటుంబ గొడవలేగా? అరిచి అరిచి గొంతులు పోయాయి. ఎంత సుఖమో!

నహ్లా టీ పెట్టి వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి రెండు టీలూ అలాగే చల్లారి ఉన్నాయి.

"పెనం మీంచి పొయ్యిలో పడ్డాను" అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూనే అందనుకుంటా.

సెప్టెంబర్ 30, మంగళవారం. మధ్యాహ్నం.

పెళ్ళయింది కాబట్టి ఉపవాసం లేదు. మూడో భాగం చివరికి వచ్చేశాను. సుల్తాను కొడుకు కోట గోడ మీద ఉన్నాడు. కింద సైన్యం. తల్లి ఖడ్గం అందిస్తోంది. ఒక్కటే పేజీ మిగిలింది. పేజీ తిప్పబోతుంటే ఫోను.

"అమ్మా... ములూఖియా పులుసులో ఆకు అడుక్కి దిగిపోయింది. ఏం చెయ్యాలి?"

"మంట తగ్గించు. ఉడకనివ్వకు."

"ఊఁ." గరిటె చప్పుడు వినిపించింది. "ఏం చేస్తున్నావ్? చదువుకుంటున్నావా? పోనీ తర్వాత చేస్తాలే."

ఆ "తర్వాత" విన్నాను. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో అదే మాట అంటూ ఉందేమో.

పుస్తకం మూసేశాను. గుర్తు కూడా పెట్టలేదు.

"ఏం చెయ్యట్లేదే తల్లీ. చెప్పు."

"నిజంగా?"

"వల్లాహ్, దేవుడి మీద ఒట్టు! చెప్పు."

చెప్పింది. అల్లుడు తామెర్ గురక సంగతి, పై పంపులో నీళ్ళు రాని సంగతి, నీలం కర్టెన్లలోంచి పొద్దున్నే గది నిండా వెలుగు నీలంగా పడుతుందన్న సంగతి. మధ్యలో ఒకసారి ఏడ్చింది, "ఎందుకో తెలీదమ్మా" అంది. తర్వాత తెగ నవ్వింది. చాలాసేపటికి ఫోను పెట్టేస్తూ అంది: "రేపూ ఇదే టైముకి చెయ్యనా?"

"చెయ్యవే. నేనిక్కడే ఉంటా."

అందుకని, ఒట్టు! రేపట్నుంచి నవల ముట్టను. నహ్లా ఫోను వచ్చే వేళకి అసలే ముట్టను. రాజులూ వద్దు, అత్తాకోడళ్ళూ వద్దు.

ఆ ఒక్క పేజీ మాత్రం ఇవాళే చదివేస్తాను. ఇఖ్బాల్ వదిన పొద్దుట్నుంచి మూడుసార్లు కబురంపింది, ఆ పిల్లాడు బతికాడా లేదా అని.