వెనక సీటు వాసన

మద్రాసు, 1956
గురువారం రాత్రి

నాయన పోయినప్పటినుంచీ ఆయన పాత కారులో పెట్రోలు వాసన వస్తోంది. ఆయన చేతులకెప్పుడూ ఆ వాసనే ఉండేది. అందుకని ఆయన కారులోనే ఉన్నాడని అమ్మ నమ్మకం. ప్రతి శుక్రవారమూ నిప్పుల మీద సాంబ్రాణి వేసుకుని, తలుపులు మూసుకుని వెనక సీటులో కూర్చుంటుంది. తలుపు తీసి పట్టుకునేది నేనే.

ఇవాళ పురసవాక్కం నుంచి కార్లు బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. వెనక సీటు ఎత్తి, ట్యాంకు దగ్గరి రబ్బరు గొట్టం వంచి చూపించాడు. నిండా పగుళ్లు. వేలు పెడితే తడి తగిలింది. పక్కనే బూడిద రాలి ఉంది.

"ఈడ నిప్పేమన్నా పెట్టినారా సార్?" అన్నాడు.

ఎన్ని శుక్రవారాలో లెక్కపెట్టబోయి మానేశాను.

కొత్త గొట్టం వేశాక వాసన పోయింది. సాయంత్రం అమ్మ కారులో కాసేపు కూర్చుని వచ్చి, నెమ్మదిగా అడిగింది.

"మీ నాయన్ని ఏడకి పంపించేసినావురా?"

పాత గొట్టాన్ని పెరట్లో పారేశాను. భోజనాలయ్యాక చూస్తే అక్కడ లేదు. ఇందాక రాయడానికి కూర్చోగానే అమ్మ గదిలోంచి పెట్రోలు వాసన వచ్చింది. లోపల గడియ వేసి ఉంది. పిలిచాను.

"అరవబాకరా. నాయన పండుకోనుండాడు."

సాంబ్రాణి గిన్నె, అగ్గిపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. తెల్లారితే శుక్రవారం.

ఒకటి మాత్రం దాచకుండా రాసుకోవాలి. ఆ వాసన తగలగానే నాకు మొదట గొట్టం గుర్తు రాలేదు. నాయన గదిలోకి వస్తే లేచినట్టే, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.