నువ్వు కోసిన చివరి పిక్

శీనన్నా,

నువ్వు పోయాక మన ఆర్కెస్ట్రా ఇవాళే మళ్లీ స్టేజీ ఎక్కింది. పంజాగుట్టలో ఒక పెళ్లి రిసెప్షన్. నీ బేస్ గిటార్ కొత్తగా చేరిన వంశీ వాయించాడు. బాగానే వాయిస్తాడు గానీ చేతులకి ఒకటే చెమట. రెండో పాటకే తీగలు మీటే పిక్ జారి కింద పడింది.

"పట్టు దొరుకుతలేదక్కా," అన్నాడు భయంగా.

నా పర్సులో నువ్వు కోసిన పిక్ ఉంది. అమీర్‌పేటలో నువ్వు పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్లో పిల్లలు పారేసిన ఐడీ కార్డులన్నీ ఏరి తెచ్చి పిక్కులు కోసేవాడివి. జారకుండా కాల్చిన సూదితో చుక్కలు పొడిచేవాడివి. "పిక్కును గట్టిగ పట్టాలె, మణికట్టు వదులుగ ఉంచాలె. గంతే, ఫికర్ లేదు," అనేవాడివి. ఒంట్లో బాగాలేక ఉద్యోగం మానేసిన రోజు నీ కార్డునే కోశావు. "గిది మస్తు గట్టిది," అని నవ్వి నాకిచ్చావు. దాని మీద ఫొటోలోని నీ ముఖం సగం ఉంది.

అది వంశీ చేతిలో పెట్టాను. ఆఖరి పాట దాకా జారలేదు. పాడుతూ ఒక్కసారే అటు చూశాను. వాడి బొటనవేలు సరిగ్గా నీ ముఖం మీదే ఉంది.

ప్రోగ్రాం అయ్యాక పిక్కును చొక్కాకి తుడిచి తిరిగిచ్చాడు.

"చెమటకు సార్ ఫొటో జర చెరిగిపోయిందక్కా."

నేను తీసుకోలేదన్నా. ఎల్లుండి మాసబ్ ట్యాంక్‌లో ఇంకో ప్రోగ్రాం ఉంది.

నీ సుజాత