నా ఎర్రకణాల పంపకం

కుమాసి నగరం, బాంటమా పేటలో మా అక్క అంపోమా ఇంటి ముందుగదిలో కాపురముంటూ, అద్దె మాట ఎత్తగానే నొప్పి నటించే క్వాబెనా ట్వుమాసి అనబడే నేను, వయసు ఇరవై ఆరు, చదువు బయోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, బుద్ధి స్థిమితంగా ఉండి, ఎడమ తుంటి తప్ప తక్కిన అవయవాలన్నీ నా ఆజ్ఞకు లోబడి ఉండి, ఎవరి బెదిరింపుకూ లొంగక, ఎవరు పోసిన కల్లుకూ లొంగక (ఇది ఉదయం వరకే వర్తిస్తుంది), నా వారసులకూ, అమలుకర్తలకూ, కుతూహలం కొద్దీ తొంగిచూసే ఇరుగుపొరుగుకూ తెలియపరుస్తూ నా సొంత దస్తూరీతో వ్రాసిన వీలునామా ఏమనగా:

బుద్ధి స్థిమితానికి రుజువుగా మా ల్యాబు అధిపతి డాక్టర్ ఎఫువా మెన్సిమా మేడంను ధ్రువపత్రం అడిగాను. "నీ బుద్ధి గురించి కోర్టులో నన్ను మాట్లాడించకు క్వాబీ, నేను చర్చికి వెళ్ళే మనిషిని" అన్నారు. కనుక పాఠకులు నా మాటే నమ్మాలి.

ఇంత చిన్న వయసులో వీలునామా ఎందుకంటే, రేపు మంగళవారం, అంటే నేను పుట్టిన వారం నాడే, ఇంతవరకు ఏ మనిషీ మింగని ఒక మాత్రను నేను మింగబోతున్నాను. నాకు పుట్టుకతో సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన నా ఎర్రకణాలు ప్రాణవాయువు కాస్త తగ్గగానే అలిగి, కొడవళ్ళలా వంకర తిరిగి, బిగుసుకుపోయి, సన్నటి నాళాలకు అడ్డం పడతాయి. అప్పుడు నేను అరుస్తాను, అక్క వేడినీళ్ళు పెడుతుంది, పక్కింటివాళ్ళు గొంతెత్తి ప్రార్థన చేస్తారు. మా ల్యాబులో ఇలాంటి కణాన్ని ఒక్కొక్కదాన్నే లేజరు వెలుగుతో పట్టుకుని, రెండు పక్కలా లాగి, ఎంత బిగిసిందో కొలుస్తాం. వెంట్రుక కన్నా సన్నటి కాలువల్లోకి తోలి, ఏది దూరుతుందో, ఏది ఇరుక్కుంటుందో చూస్తాం. అలా చూడగా చూడగా ఒక మందు దొరికింది. అది తగిలిన కణం గాలి తగ్గినా అలగదు, కాలువలో చేపలా జారిపోతుంది. గాజునాళికలో పనిచేసింది. మనిషిలో చేస్తుందా అన్నదే మిగిలింది. ప్రమాదం చిన్నదే అన్నారు డాక్టర్లు. దోమ కూడా చిన్నదే.

ఒకటి. ల్యాబులో పనిచేసేవాడు అదే మందు పరీక్షలో చేరకూడదని నిబంధన. అందుచేత నేను ఉద్యోగం వదిలేశాను. మొన్నటిదాకా శాస్త్రవేత్తను, ఇకనుంచి సరుకును. సూక్ష్మదర్శిని ముందున్న నా కుర్చీని, తమాలె నుంచి వచ్చి మా ఊరి ఫుఫూను వెక్కిరిస్తూ మూడు ముద్దలు లాగించే నా మిత్రుడు ఫుసేనికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. కుర్చీతోబాటు విధులు కూడా సంక్రమిస్తాయి. వీధిలో లారీ వెళితే కణం చెదరకుండా లేజరు బల్ల కింద పెట్టిన ట్రాక్టరు ట్యూబుల్లో రోజూ గాలి చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు మా కుమాసి తిట్లే తిట్టాలి, తమాలె తిట్లకు జనరేటరు లేవదు. ఈ దానం గురించి చెప్పగానే వాడు, "ఆ కుర్చీలో స్ప్రింగు ఎక్కడ విరిగిందో నా వెనక భాగానికి బాగా తెలుసురా. చచ్చేవాడివి కాస్త మంచిది ఇచ్చి చావరాదూ?" అన్నాడు. ఈ మాట అన్నందుకు వాడికి రావలసిన దిండు రద్దు చేయడమైనది.

రెండు. మెన్సిమా మేడంకు ఏమీ లేదు. ఇది మరచిపోయి వదిలినది కాదు, ఆలోచించి ఇచ్చిన సున్నా. వీలునామాకు సాక్షిగా సంతకం పెట్టినవారికి అందులో వాటా చెల్లదని చట్టం. సాక్షిగా నాకు ఆమే కావాలి. విషయం విన్నవించగా, "నీ దగ్గర్నుంచి నాకు వచ్చిన రిపోర్టులన్నీ సున్నాలేగా నాయనా" అన్నారు.

మూడు. హైస్కూల్లో నా కాళ్ళ నొప్పికి సోమరితనం అని పేరు పెట్టి, చలిగాలి దుమ్ములో మైదానం చుట్టూ పరుగెత్తించిన డ్రిల్లు మాస్టారు అచెయాంపొంగ్ గారికి, నా ఎడమ తుంటి ఎక్స్‌రేను ఫ్రేము కట్టించి ఇవ్వవలెను. గోడకు తగిలించుకుని తీరవలెను. అరిగిన చోట నేను బాణం గుర్తు వేశాను. పగ ఏమీ లేదు. బాణం మాత్రం ఎర్రసిరాతో వేశాను.

నాలుగు. అక్క అంపోమాకు నా వేడినీళ్ళ సంచి, నా వంటపాత్రలు, పెళ్ళికి పనికొస్తుందని దాచుకున్న కెంటె వస్త్రం. నా మూలుగు వినగానే పొయ్యి దగ్గరికి పరుగెత్తే ఉద్యోగం నుంచి ఆమెను గౌరవప్రదంగా విరమింపజేస్తున్నాను. ఈ వీలునామా సంగతి తెలిసి, "పీనుగా, ముందు సూపు తాగి తర్వాత చావు" అంది. సూపు తాగాను. బాగుంది.

అయిదు. ఇప్పుడు అసలు ఆస్తి. నా రక్తం.

ల్యాబు ఫ్రీజరులో ఉన్న నా రక్తపు సీసాలు, ఇకముందు తీయబోయే రక్తం, ఒకవేళ నేను పోతే నా ప్లీహం, ఆ ప్రసిద్ధమైన తుంటి ఎముక, ఇవన్నీ ల్యాబుకు చెందాలని నా కోరిక. అన్నిటిలోకీ ముఖ్యం సీసాలు. మాత్ర మింగకముందు నా కణాలు ఎంత బిగిసేవో చెప్పేవి అవే. అవి పోతే, మింగిన తర్వాతి రక్తాన్ని దేనితో పోల్చాలి? మందు పనిచేసిందీ లేనిదీ ఎవరికి తెలుస్తుంది? నేను ఉత్తపుణ్యానికి మింగినట్టవుతుంది.

అయితే సదరు ఆస్తి మీద దావా ఉంది. దావాదారు మా మేనమామ, మా తల్లివైపు వంశానికి పెద్ద, ఒపోకు గారు. మా అశాంతీ జాతి నమ్మకంలో రక్తం తల్లి ఇచ్చేదే. తండ్రి తేజస్సు ఇస్తాడు, రక్తం ఇవ్వడు. ఒకే రక్తమంటే ఒకే వంశం. శవం కూడా వంశానిదే. మామయ్య వాదన ఆయన మాటల్లోనే: "ఒరేయ్, రక్తం నీ సొంతం అనుకుంటున్నావేమిట్రా? అది మా అమ్మది, మా అమ్మమ్మది. నీ ఒంట్లో అద్దెకుంది. అద్దెకున్నవాడు ఇల్లు దానం చేస్తాడా?"

నా జవాబు: మన లెక్క ప్రకారమే మగవాడి రక్తం వాడితో ఆఖరు. నా పిల్లలకు వాళ్ళ అమ్మ రక్తం వస్తుంది గానీ నాది రాదు. నా తర్వాత ఎవరికీ చెందనిదాన్ని ల్యాబుకిస్తే ఎవరి నోటి దగ్గర కూడు తీసినట్టు? ఈ వాదన విని మామయ్య, "ఇందుకేనా నిన్ను చదివించింది" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ తేలలేదు.

మేడం సంగతి వేరు. "పెద్దాయన వద్దంటే సీసాలు తిరిగిచ్చేస్తాను క్వాబీ. రక్తం దొంగలని ఒక్క పుకారు లేచిందంటే ఈ చుట్టుపక్కల ఏ తల్లీ బిడ్డ చెయ్యి చాపనివ్వదు" అన్నారు. కాబట్టి అంతా మామయ్య మీద ఆధారపడింది.

పోయిన నెలలో మామయ్య చేపలు తెచ్చే ఐసు పెట్టె ఒకటి భుజాన వేసుకుని, సీసాలు పట్టుకుపోదామని ల్యాబుకు వేంచేశారు. మేడం కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మర్యాద ప్రకారం వచ్చిన పని అడిగారు. "మా పిల్లవాడి రక్తం తీసుకెళ్దామని వచ్చానమ్మా." "తప్పకుండా తీసుకెళ్ళండి. ముందు ఒకసారి చూసుకోండి, మీదో కాదో."

పూర్వీకుల రక్తాన్ని ఊరికే చూస్తారా? మామయ్య జేబులోంచి జిన్ను సారా సీసా తీసి, చెప్పులు విడిచి, గతించిన పెద్దలను పేరుపేరునా పిలుస్తూ, పేరుకో ధార నేలమీద పోస్తూ, ధారకోసారి కాలితో నేలను తన్నారు. ఒక తన్ను గురితప్పి ట్రాక్టరు ట్యూబుకు తగిలింది. బల్ల పడవలా ఊగింది. చెవుల్లో పాటలు పెట్టుకుని అటు తిరిగి కూర్చున్న ఫుసేనికి తెరమీది కొలత గీతలో కొండంత శిఖరం కనిపించింది. ఎవరూ కనిపెట్టనిది కనిపెట్టానని ఆ వారం సమావేశంలో లేచి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆ శిఖరానికి మా ల్యాబులో "పెద్దలు లేచిన చోటు" అని పేరు.

సరే, మామయ్య కన్ను ఆనించి నా కణాలు చూశారు. గాలి తగ్గించగానే అవి వంకర తిరిగి, కాలువ మొదట్లోనే ఇరుక్కున్నాయి. "ఇది వాళ్ళ నాన్న వైపు సరుకు" అని తీర్పిచ్చారు. "మా రక్తంలో ఈ వంకర లేదు. అనుమానమైతే ఇదిగో, తీసుకో!" అని చెయ్యి చాపారు. మేడం ఒక చుక్క తీశారు. మామయ్య కణాలు నీళ్ళలా జారిపోయాయి. గోలు కొట్టినవాడిలా ఆయన అందరి మొహాలూ చూశారు. అప్పుడు మేడం గాలిని ఇంకా ఇంకా తగ్గించారు. జారేవాటిలో కొన్ని ఆగాయి. వంగాయి. ఇరుక్కున్నాయి.

"కరెంటు సరిగ్గా లేదు" అన్నారు మామయ్య. "బాగానే ఉంది తాతా" అన్నాడు ఫుసేని. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. "ఈ జబ్బుకు రెండు వాటాలు కావాలి పెద్దాయనా. మీ దగ్గర ఒక్క వాటానే ఉంది, అందుకే మీకేమీ కాలేదు. ఇలాంటి వాటా ఒకటి వీడికి అమ్మ నుంచి వచ్చింది, ఇంకోటి నాన్న నుంచి" అన్నారు మేడం. మామయ్య చెప్పులు తొడుక్కుని, ఖాళీ పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు. అప్పటినుంచి సీసాలు ఇమ్మనీ అనలేదు, ఉంచుకొమ్మనీ అనలేదు.

మా ఆచారంలో దానం పుచ్చుకున్నవారు ఇచ్చినవారికి సాక్షుల ముందు ధన్యవాదంగా ఒక జిన్ను సీసా అందించాలి. అది స్వీకరిస్తేనే దానం దానమవుతుంది. ల్యాబు తరఫు సీసా రసాయనాల బీరువాలో సిద్ధంగా ఉంది. దానిమీద "తాగరాదు" అని చీటీ అంటించారు. ఫుసేని ముస్లిం, ఎలాగూ మందు ముట్టడు కనుక ఆ చీటీ ఎవరి కోసమో నాకు తెలుసు. ఈ మధ్యాహ్నం రమ్మని మామయ్యకు కబురు పంపాం. ఆయన సీసా అందుకుంటే అయిదో అంశం చెల్లుతుంది. అందుకోకపోతే నా రక్తపు సీసాలు చేపల పెట్టెలో ఊరికి వెళతాయి.

ఆరు. మా ఆచారం ప్రకారం మగవాడికి వారసులు సొంత పిల్లలు కారు, తోబుట్టువు పిల్లలు. కనుక నా వారసురాలు అక్క కూతురు, నాలుగేళ్ళ సెర్వా. మిగతా ఆస్తి ఆమెది. పూసల డబ్బా, గొడుగు, నా పుస్తకాలు (బొమ్మలు వేయడానికి వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి). ఒక ఆస్తి మాత్రం నేను వ్రాయకముందే ఆమెకు చేరిపోయింది. ఆమె ఒంట్లోనూ అవే కొడవళ్ళు. మొన్న నొప్పి వచ్చినప్పుడు ఏడవకుండా నా చెవిలో, "మామా, నా కాల్లో చీమలు కొట్టుకుంటున్నాయి, నువ్వు వాటిని తిట్టు" అంది. తిట్టాను, వినలేదు. ఆ చీమలను నా వారసత్వం నుంచి శాశ్వతంగా తొలగిస్తున్నాను. రేపటి మాత్ర ఆ ఉత్తర్వు అమలు కోసమే. ఇది మాత్రం హాస్యం కాదు.

ఏడు. ఒపోకు మామయ్య ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆయనకు నా రేడియో. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "మంచి వస్తువురా. మనిషి ఉన్నా పోయినా వస్తువు ఉంటుంది" అని నావైపు చూస్తారు. ఆ చూపుకు నా గౌరవం.

ఎనిమిది. చిన్నవాళ్ళు పోతే సంతాప పోస్టరు మీద "ఎంత ఘోరం!" అని అచ్చు వేయించడం మా ఊరి అలవాటు. నా పోస్టరు మీద "చెప్పాడుగా!" అని వేయించవలెను. మెడకు బో టై కట్టుకున్న నా ఫోటో వాడినవారికి ఆస్తిలో ఏమీ చెందదు.

అనుబంధం, అదే రోజు మధ్యాహ్నం. మామయ్య ల్యాబుకు వచ్చారు. భుజాన మళ్ళీ అదే చేపల పెట్టె. నా గుండె జారి పాడైన తుంటి దాకా వచ్చింది. పెట్టె తెరిచారు. ఎండుచేపలు, అరటికాయలు. "రేపటి నుంచి ఆసుపత్రి కూడు తినాలిగా, ఇవాళ తిని చావు." వెనకే ట్రోట్రో వ్యానులోంచి మా పిన్నులు, వాళ్ళ పిల్లలు, ఊళ్ళో మిగిలిన మా వంశమంతా దిగింది. మేడం ఎదురెళ్ళారు. మామయ్య అన్నారు: "రక్తం మాదైతే జబ్బూ మాదే కదమ్మా. తీపి మాదని, చేదు వాళ్ళ నాన్నదని తోసేస్తే అది పెద్దరికమా? వీళ్ళందరి చుక్కా తీసి చూడు. ఆ వాటా ఎవరెవరి దగ్గరుందో పెళ్ళిళ్ళకు ముందే తెలియాలి." ధన్యవాదపు సీసా రెండు చేతులా అందుకున్నారు. పెద్దలకు ధార పోయడానికి లోపలికి రాబోతే ఫుసేని గుమ్మానికి అడ్డంగా నిలబడి, "బయటే తాతా, బయటే, నీ కాళ్ళు పట్టుకుంటా!" అన్నాడు. మామిడిచెట్టు కింద పోశారు. అయిదో అంశం చెల్లింది.

రెండో సాక్షి కావలసి వచ్చింది. ఫుసేనికి కుర్చీ ఉంది కనుక పనికిరాడు. మామయ్య కలం లాక్కున్నారు. "సంతకం పెడితే మీకు రేడియో రాదు పెద్దాయనా" అని మేడం హెచ్చరించారు. రేడియో ఏమిటని అడిగి, ఏడో అంశం చదివించుకుని, మామయ్య మండిపడ్డారు. "మేనమామ సొత్తు మేనల్లుడికి రావాలి గానీ, మేనల్లుడి సొత్తు మేనమామ తినడం ఏ ఊళ్ళో ఉందిరా? నా కోకో తోట ఎవడు చూస్తాడనుకున్నావు? మాత్ర మింగు, ఇంటికి రా, వచ్చి నా ఆస్తి నువ్వు తిను. నీ రేడియో నాకొద్దు." ఇలా అని నా చేతిలోని కాగితం మీదే ఏడో అంశాన్ని అడ్డంగా కొట్టేశారు. గీత వంకరగా వచ్చింది. దిద్దనివ్వలేదు.

కుమాసి, సోమవారం, 5 ఫిబ్రవరి 2024.

వ్రాలు: క్వాబెనా ట్వుమాసి

సాక్షులు:
1. ఎఫువా మెన్సిమా. నాకు ఏమీ రాదని తెలిసే సంతకం చేస్తున్నాను.
2. ఒపోకు, వంశపెద్ద. నాకూ ఏమీ వద్దు. రేడియోకు కొత్త బ్యాటరీలు నేను తెచ్చాను, దారిలో ఇంటికి వెళ్ళి వాడి పరుపు పక్కన పెట్టి వచ్చాను. శనివారం మ్యాచి ఉంది, ఇద్దరం కలిసి వింటాం.