సిగ్గు కాదమ్మా అది

కోరుట్ల,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు, బాపమ్మకు మీ మమత దండాలు. తమ్ముడు నరేశ్‌కు బోలెడంత ప్రేమ.

నేనిక్కడ బాగున్నాను. అమ్మా, నీ నడుము నొప్పి ఎలా ఉంది? బాపమ్మ కంటి చుక్కలు రోజూ వేయించుకుంటోందా, లేక సీసాను దేవుడి పటం దగ్గర పెట్టి దండం పెట్టి ఊరుకుంటోందా? బాపు మొన్న శుక్రవారం మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ పని బాగానే ఉందన్నాడు. నాకు కూడా బాగానే ఉందన్నాను. నాది మాత్రం నిజమే, బాగానే ఉంది.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అడుగుతావు. నీ చేతులకు బీడీల తంబాకు ఉంటుందని ఎప్పుడూ స్పీకర్ పెడతావు. నేను హలో అనేలోపు వాడకట్టు ఆడవాళ్లంతా ‘ఏమే మమతా, ఏం కూర?’ అని అడుగుతారు. ఈసారి చెప్పాల్సింది అలా చెప్పేది కాదు.

ఉత్తరం నరేశ్ చదువుతాడని, నువ్వు చాట ఒళ్లో పెట్టుకుని వింటావని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. నరేశ్, ఇందులో నీ గురించి కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా ఉంటే ఇక్కడే మడిచిపెట్టి, మీ ముగ్గురే ఉన్నప్పుడు మళ్లీ తియ్యి. నిన్ను తిట్టడానికి కాదు. ఆఖరు దాకా చదివితే తెలుస్తుంది.

ముందు ఇక్కడి సంగతులు. పొద్దున చలి తగ్గింది. మధ్యాహ్నం అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. మల్లాపూర్ వైపు ఊళ్లన్నిటా పసుపు ఉడకబెడుతున్నారు. బస్సు దిగగానే ఆ వాసనే. సాయంత్రానికి నా చున్నీ కూడా అదే వాసన. గది చిన్నదే కానీ గాలి వస్తుంది. ఇంటామె రాజవ్వ కూడా బీడీలు చుడుతుంది. కత్తెర చప్పుడు వింటే కింద నువ్వే ఉన్నావేమో అనిపిస్తుంది. మొదటి వారం ఆ చప్పుడుకే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే తోచదు. అన్నం నేనే వండుకుంటున్నాను. పచ్చిపులుసు నీ అంత బాగా కుదరదు. ఒకరోజు రాజవ్వ నా పచ్చిపులుసు రుచి చూసి, ‘గిది పులుసు గాదు బిడ్డా, నీళ్లకు కోపమచ్చింది’ అంది.

నా పని ఏమిటని వాడకట్టువాళ్లు అడిగితే నువ్వు ‘ఆఫీసులో’ అని చెబుతున్నావట. ఆఫీసులో నేను కూర్చునేది తక్కువే. బడులకు వెళ్లి పిల్లలతో మాట్లాడతాను. ఒంటి మీద ఎవరి చెయ్యి పడకూడదో ఆడపిల్లలకు చెప్పడం ఇదివరకే ఉంది. మా మేడం మొదటి రోజే ఒకటి అడిగింది: “జాగ్రత్త అని ఆడపిల్లలకే చెప్తే, చెయ్యి వేసే పిల్లగానికి ఎవరు చెప్తరు?” అందుకే మేము మగపిల్లలతో కూడా కూర్చుంటాము. ఇంకా తప్పు చేయని పిల్లలతో, చేయకముందే. అప్పటికే తప్పు చేసి కేసు దాకా వెళ్లిన పిల్లలు కొందరిని కూడా మా దగ్గరికి పంపిస్తారు. వాళ్లతో మేడం మాట్లాడుతుంది, నేను పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను.

ఎనిమిదో తరగతి మగపిల్లలతో మొదటి రోజు నేను నోరు తెరవకముందే కిసకిసలు. వెనక బెంచీ నుంచి ఒకడు “మేడం, గివన్నీ మాకు ఎరుకే” అన్నాడు. “ఎరుకైతే నువ్వే రా, నేను కూసుంట” అని చాక్‌పీసు చేతికిచ్చాను. వాడు బోర్డు దాకా వచ్చి, తల గోక్కుని, “నిన్న ఎరుకుండే మేడం” అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మాట్లాడటం తేలికైంది. గంట కొట్టినా ముగ్గురు వెళ్లలేదు. ఎవరినీ అడగలేని ప్రశ్నలు కాగితాల మీద రాసి ఇచ్చారు. ఫోన్‌లో పెద్దపిల్లలు చూపించినవి నిజమేనా అని ఒకడు. అవి చూసినప్పటి నుంచి భయంగా ఉంది, నేను చెడిపోయానా అని ఒకడు. పాపం, పెద్దవాళ్లం ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్లలు అంత మోయాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ ఊళ్లో నా పేరు ముచ్చట్ల మేడం. నాకు ఆ పేరు ఇష్టమే.

ఇక అసలు సంగతి. మేడంను అడిగి, పేరూ ఊరూ లేకుండా రాస్తున్నాను. మా దగ్గరికి పంపిన పిల్లల్లో పద్నాలుగేళ్లవాడు ఒకడున్నాడు. చుట్టాల పాప, చాలా చిన్నది, ఆ పాప పట్ల చేయకూడని పని చేశాడు. ఇంతకంటే రాయను. పాపను ఇప్పుడు వాళ్లమ్మ, ఇంకో మేడం మంచిగా చూసుకుంటున్నారు. బడికి మళ్లీ పోతోంది.

అలాంటివాణ్ణి చూడాలంటేనే నాకు అసహ్యం వేసిందమ్మా. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. వచ్చి కూర్చున్నది మన నరేశ్ అంత పిల్లాడు, మూతి మీద ఇంకా మీసం కూడా రానివాడు. చొక్కా గుండీ తిప్పుతూ నేల చూస్తున్నాడు. వాళ్ల బాపు కూడా గల్ఫ్‌లోనే. మేడం కోప్పడలేదు, జాలిపడలేదు. నువ్వు చేసింది తప్పే, దాన్ని నువ్వే ఒప్పుకోవాలి అని సూటిగా చెప్పింది. తర్వాత అడిగింది:

“అట్ల చెయ్యచ్చని ఎందుకు అనిపించింది?”

“నా మరదలే గద మేడం. అందరు నీ పెండ్లామే అనేటోళ్లు. నాదే అనుకున్న.”

“పాప ఏమన్నది?”

“ఏమనలే. ఏడ్సింది.”

“ఏడుస్తుంటే ఏమనుకున్నవు?”

గుండీ తిప్పడం ఆపాడు. ఆఖరుకు ఒక్కమాట అన్నాడు. “సిగ్గు అనుకున్న.”

అక్కడ నా చేతిలోని పెన్ను ఆగిపోయిందమ్మా. ఆ మాట నాకు కొత్త కాదు. అది నా గొంతులోనే విన్నాను.

మామయ్య కొడుకు పుట్టెంటికల దావత్ గుర్తుందా? వాళ్ల బిడ్డ శ్రావణి నీళ్ల చెంబు తీసుకుని లోపలికి వెళ్తుంటే మన నరేశ్ దర్వాజాకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “బావా అను, అప్పుడు ఇడుస్త” అన్నాడు. బాపమ్మ “ఇడువకురా, నీ పెండ్లామే” అంది. మామయ్య ఈల వేశాడు. అందరం నవ్వాం. నేనైతే ఫోన్ తీసి వీడియో తీశాను. బడుల్లో చెప్పే ఉద్యోగంలో చేరి అప్పటికి నెల దాటింది, అయినా తీశాను. మన ఇంటి గ్రూపులో పెట్టింది కూడా నేనే.

ఆ పిల్లాడి మాట విన్న సాయంత్రం గదికి వచ్చి వీడియో మళ్లీ చూశాను. అందులో అందరికంటే గట్టిగా వినిపించేది నా గొంతే. ‘చూడుండ్రి చూడుండ్రి, సిగ్గువడుతున్నది!’ అంటున్నాను. శ్రావణి మొహం అప్పుడు చూశాను. ఇరవై మంది నవ్వుతున్నారు. అది ఒక్కటే నవ్వడం లేదు. చెంబులోని నీళ్లు గౌను మీద పడుతున్నాయి. ఆఖరుకు నరేశ్ చెయ్యి కింద నుంచి దూరి, వాళ్లమ్మ వెనక్కి పరిగెత్తింది.

నాకే ఎక్కువగా అనిపిస్తోందేమోనని రాజవ్వకు చూపించి అడిగాను, ఇది సిగ్గేనా అని. కత్తెర పక్కన పెట్టి, రెండుసార్లు చూసింది.

“సిగ్గు గాదు బిడ్డా. సిగ్గువడ్డ పిల్ల కిందికి జూస్తది. గీ పోరి తొవ్వ దేవులాడుతున్నది” అంది. నిజమే, శ్రావణి కళ్లు బయటపడే దారి వెతుకుతున్నాయి. ఫోన్ నా చేతికిచ్చి, “నేను గూడ గిట్లనే ఉరికేదాన్ని. మా అవ్వ గూడ సిగ్గే అన్నది” అని మళ్లీ కత్తెర తీసుకుంది.

శ్రావణి ప్రతి ఎండాకాలం సెలవులకు మనింటికే వస్తుంది కదా. ఈసారి రానందని అత్తమ్మ చెప్పిందన్నావు. ట్యూషన్ అట. మూడో తరగతి పిల్లకు సెలవుల్లో ట్యూషన్ ఏమిటమ్మా?

నరేశ్, ఇక్కడ కాసేపు ఆగి నీళ్లు తాగు. తర్వాత నిదానంగా చదువు.

నువ్వు ఆ పిల్లాడివి కాదు. నువ్వు చేసింది అది కాదు. నీకు నేర్పిందే నువ్వు చేశావు, నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ పిల్లాడికి కూడా అక్కడి నుంచే మొదలైంది, అది నేను కళ్లారా చూశాను. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. మరదలు నీది కాదు. ఏ పిల్లా ఎవరిదీ కాదు. వద్దు అంటేనే వద్దు అని కాదు. ఊరుకున్నా, ఏడ్చినా, పరిగెత్తినా కూడా వద్దనే. నీకంటే చిన్నపిల్ల నవ్వుతూ సరే అన్నా కూడా, ఆగాల్సింది నువ్వే. నీ ఒంట్లో, మనసులో వచ్చే మార్పులు తప్పు కాదు, అవి అందరికీ వస్తాయి. ఎవరైనా నీకు ఫోన్‌లో ఏమైనా చూపించినా, ఎవరైనా నిన్ను ముట్టుకుని ఇబ్బంది పెట్టినా నన్ను అడుగు. మాటల్లో చెప్పలేకపోతే కాగితం మీద రాయి. నేను తిట్టను, నవ్వను. బాపుతో కూడా చెప్పాను, ఈ శుక్రవారం నీతో విడిగా మాట్లాడతాడు. ‘వాడితో ఏం మాట్లాడాలి’ అని బాపు ముందు గింజుకున్నాడు. తర్వాత, “నాకు గూడ ఎవ్వరు చెప్పలే బిడ్డా, నువ్వు చెప్పు, నేను వానికి చెప్తా” అన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. బాపూ నేనూ అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

అమ్మా, వాణ్ణి ఇప్పుడు ఏమీ అనకు. ముందు అన్నం పెట్టు. బాపమ్మా, నీ మీద కోపం లేదు. ‘మీ అమ్మను గూడ గట్లనే అన్నం, మీ బాపునే చేసుకోలేదా’ అంటావని తెలుసు. వాళ్లు బావా మరదళ్లే, బాగానే ఉన్నారు, నేను కాదనను. పరాచికం ఆడు, కానీ పిల్ల కూడా నవ్వితేనే ఆడు. అమ్మా, నువ్వెప్పుడైనా పరిగెత్తావా? చెప్పాలనిపిస్తే నేను వచ్చినప్పుడు చెప్పు, లేకపోతే లేదు.

గ్రూపులో వీడియో తీసేశాను. ఎవరి ఫోన్‌లోనైనా మిగిలి ఉంటే తీసేయమని అందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. మామయ్య ‘ఎక్కువ సదివినవు’ అన్నాడు. అత్తమ్మ ‘సరే’ అని ఫోన్ పెట్టేసింది. పది నిమిషాల తర్వాత తనే ఫోన్ చేసి, శ్రావణిని మాట్లాడమని ఇచ్చింది. అక్క తప్పు చేసింది, నువ్వు ఇబ్బంది పడుతుంటే నవ్వింది అని చెప్పాను. అంతా విని, “మీ ఇంటి కోడిపిల్లలు పెద్దగైనయా అక్కా?” అంది. అంటే రావాలనే ఉందమ్మా దానికి.

ఆఫీసువాళ్లు వచ్చే నెల రెండు రోజులు సెలవిస్తామన్నారు. వస్తాను. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం మామిడికాయ తొక్కు, నా పాత దుప్పటి పంపించు. నా గురించి బెంగ పడకు, వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, బాగున్నాను. బాపమ్మా, ఈ పని నాకు చేతనవ్వాలని నీ చెయ్యి ఒకసారి ఈ కాగితం మీద పెట్టు, నా తల మీద పెట్టినట్టే. వాడకట్టులో పెద్దవాళ్లందరికీ నా దండాలు చెప్పండి.

నరేశ్, శ్రావణి వస్తే నువ్వు పెద్ద పెద్ద మాటలేమీ చెప్పక్కర్లేదు. ఆ రోజు అడ్డం నిలబడ్డాను, ఇంక నిలబడను అని ఒక్కమాట చెప్పు. జవాబు కోసం చూడకు. దర్వాజా దగ్గర నుంచి పక్కకు జరుగు. కోడిపిల్లలు ఎక్కడున్నాయో దానికి తెలుసు.

మీ బిడ్డ,
మమత