నీ చుక్కల సీసా

...అదే నాన్నా, నిన్న నీకు రాశానే, ఎర్రబడిందని, ఆ నా కన్ను ఇవాళ అసలు తెరుచుకోలేదు. డాక్టర్ గంటగంటకీ చుక్కలెయ్యమన్నాడు. ఏడిస్తే మందంతా కొట్టుకుపోద్దంట. ఫారిన్‌లో మందుని కంటికి కనపడనంత సన్న రేణువుల్లో పెట్టి, కంట్లోనే నిలిచేటట్టు చెయ్యాలని చూత్తన్నారంట. నువ్వుంటే ‘అదెలాగే?’ అని పది సార్లు అడుగుదువు.

"ఇక్కడికి రాకముందు ఇంట్లో కంట్లో ఏటేసుకున్నావు, బేటీ?" అన్నాడు డాక్టర్. తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలడంట. ఏమీ వేసుకోలేదని చెప్పా.

ప్లాంటులో నీ కంట్లో ఇనప రజను పడ్డప్పుడు వాడిన సీసా, నువ్వు పోయి ఏడాదైనా నా స్కూల్ బ్యాగులోనే ఉంది. నీదని ఆ పాత చుక్కలే నా కంట్లో వేసుకున్నా. చెప్తే అమ్మ పారేత్తాది. చెప్పకపోతే కన్ను పోద్దేమో.

అమ్మ తలుపు కొడతంది, చుక్కల టైమైంది. ఈ కాగితాలు పరుపు కింద దాచేత్తన్నా. సీసా మాత్రం అమ్మకి కనపడేటట్టు చేతిలోనే ఉంచుకున్నా.