పడవ మోకుకు మిగిలిన ముడి

తమ్ముడు రమణయ్యకు,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ఉమ్మడి పడవ పాతదైపోయింది. దాని చెక్కలు కొనుక్కున్న మన పేట పోలయ్య వాటితోనే కొత్తది కట్టుకోవాలి. కట్టుబాటు నీకు తెలిసిందే. వాటాదారులంతా మోకుకు తలా ఒక ముడి వేస్తారు, వాటా వదులుకున్నవాడు తన ముడి తానే విప్పుతాడు, ఒక్క ముడి ఉన్నా పడవను విడదీయకూడదు. ఇవాళ నీ ముడి ఒకటే మిగిలింది.

"పోయినోడొచ్చి విప్పతాడా అన్నా? కోసేద్దాం," అంటూ పోలయ్య కత్తి తీశాడు.

బొంబాయిలో నువ్వు పనిచేసిన చోట కంప్యూటరులోనూ ఇంతేనని అప్పట్లో రాశావు. దాని జ్ఞాపకంలో ఒక చోటును ఎన్ని పనులు వాడుకుంటున్నాయో లెక్క ఉంటుందనీ, అది సున్నా అయితేనే ఆ చోటు మరో పనికి ఇస్తారనీ, మధ్యలో ఆగిపోయిన పని తన లెక్క తాను తీసేసుకోలేదు కాబట్టి యంత్రాన్ని నడిపేవాడే దాన్ని తగ్గించాలనీ అన్నావు.

కత్తి వద్దన్నాను. ఇసుకలో కూర్చుని నీ తరఫున నేనే విప్పాను. ఉప్పునీటికి బాగా బిగుసుకుపోయింది. గంట పట్టింది.