అరువు నాలుక

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసానే. కులాసా కానిది కూడా ఒకటుంది, దాన్ని చివరికి నెడుతున్నానని నీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

నీ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో, బద్ధకించకు. నాన్న జలుబు తగ్గిందా అని అడిగావు. అదెప్పుడో తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది. బీరు ఫ్యాక్టరీలో రుచి చూసే మనిషికి నాలుక పోతే ఇంకేం మిగులుతుంది చెప్పు? ఎవరికీ చెప్పలేదాయన. శాంపిల్ సీసాలు సంచిలో ఇంటికి తెచ్చి చెల్లి చేత రుచి చూపించేవారు. దాని నాలుక అచ్చం ఆయనదే కదా. చేదెక్కువైందో, పులుపు తగిలిందో అది చెబితే, మర్నాడు ఫ్యాక్టరీలో అదే ఒప్పజెప్పేవారు.

"దానికి పదిహేనేళ్ళండీ! పద్దెనిమిది నిండని పిల్లలకి కన్నవాళ్ళు పోసినా నేరమే" అన్నాను.

"తాగడం లేదే, పుక్కిలించి ఉమ్మేస్తోంది."

"ఉమ్మేస్తే ఫర్వాలేదని చట్టంలో రాశారా?"

ఆయన ఇంకో సీసా మూత తీశారు. ఇల్లు గడవాలని నేనూ నోరు మూసుకున్నాను. ఆయన్ని మరీ చెడ్డవాణ్ణి చేసుకోకు నాన్నా. భయం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది.

ఒకరోజు చూస్తే వంటింట్లో సింకు పొడిగా ఉంది, సీసా ఖాళీగా ఉంది. "ఉమ్మడం మర్చిపోయానమ్మా" అంది చెల్లి, నవ్వుతూ.

ఇక నీ రెండో ప్రశ్న. నాన్నను సీసాలు కడిగే సెక్షన్‌కి ఎందుకు మార్చారని మళ్ళీ అడిగావు. మేనేజరు అందరినీ అటూ ఇటూ మారుస్తున్నాడని పోయినసారి రాశాను. అబద్ధం. ఆ ఖాళీ సీసా చూసిన మర్నాడు నేనే వెళ్ళి మేనేజరుకి చెప్పాను. పిల్ల సంగతి ఎత్తలేదు, ఎత్తితే కేసయ్యేది. ఆయనకు రుచి తెలియడం లేదని మాత్రమే చెప్పాను. నాన్నేమో చెల్లే ఎక్కడో నోరు జారిందనుకుని దానితో మాట్లాడడం మానేశారు. అది తిండి మానేసింది. నేను మాత్రం నోరు మెదపలేదు, చూడు నా ధైర్యం!

నిన్న భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయాను. "దాని తప్పేం లేదు. చెప్పింది నేను" అన్నాను.

ఆయన చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. తిట్టినా పడదామనుకున్నాను. ఆయన చెల్లి పళ్ళెం కేసి చూసి, "తినవేమే?" అన్నారు.

అది బెదిరిపోయింది. "ఎలా ఉందో చెప్పాలా నాన్నా?"

"వద్దు తల్లీ. నువ్వు తిను, చాలు."

ఇట్లు,
ఆలస్యంగా నోరు విప్పిన
మీ అమ్మ